బరంపురం హాలుకి తెరచాపలు కట్టిన వైనం

ఓవర్సీరు ఉద్యోగమంటే గొడుగు కింద నిలబడి ఇంకొకళ్ల చెమటని టేపుతో కొలవడమని మా మావగారు పెళ్లిచూపుల నాడే తేల్చేశారు. పిల్లనిచ్చారు గాని ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ముప్పై ఏళ్లు ఆ గొడుగు మోశాను. మొన్న యాభై అయిదు నిండగానే సర్కారు వారు ఇక నీడన కూర్చోమంటే కూర్చున్నాను. గంజాం జిల్లాలో నేను కట్టించిన కల్వర్టులన్నీ వరసగా పేరిస్తే లంక దాకా నడిచి వెళ్లొచ్చు, కోతుల సాయం అక్కర్లేదు. వాటి సంగతి ఇక్కడ రాయను. కల్వర్టు గురించి చెప్పడానికేముంది, కింద నీళ్లు, పైన బండ్లు. నాకు ఏ ఏడు ఏ ప్రమోషను వచ్చిందో కూడా రాయను. ఆ కథ వినేవాళ్లు మా ఇంట్లోనే ఎవరూ లేరు.

కొత్తగా ఈ పనిలోకి దిగే కుర్రాళ్లకి ఒక్క కట్టడం గురించి చెబుతాను. ఏటంటే, నేను నేర్చుకున్న పని అంతా ఆ ఒక్కచోటే నేర్చుకున్నాను. పెద్ద తప్పు చేసింది కూడా అక్కడే.

ఊరికో కప్పు

అప్పటికి బరంపురం పొంగుతున్న పాలగిన్నెలా ఉండేది. రైలు దిగే ప్రతి పదిమందిలో నలుగురు ప్లీడర్లు, నలుగురు కక్షిదారులు, మిగిలిన ఇద్దరూ ఆ తగువుకి సాక్షులు. పట్టుమగ్గాల చప్పుడు ఒక వీధిలో ఆగితే పక్కవీధిలో అందుకునేది. ఇంత ఊరికీ నలుగురూ కూర్చుని మాట్లాడుకోడానికి ఓ గది లేదు. తెలుగువాళ్ల సభయినా ఒడియావాళ్ల సభయినా తాటాకు పందిట్లోనే. ఓ కార్తీకమాసంలో సభ జరుగుతుండగా తుపాను గాలి లేచి పందిరి మొత్తం ఎత్తుకుపోయింది. అధ్యక్షులవారు మిగిలిన ఒక్క గుంజనీ కౌగిలించుకుని వందన సమర్పణ పూర్తి చేశారు. పందిరి పోయి కొడల సంతలో దిగిందని చెప్పుకున్నారు. అంత దూరం ఎలా వెళ్లిందని నన్నడక్కండి, ఆ గాలినడగండి.

దాంతో పెద్దలంతా కమిటీగా కూడి, బజారు నడిబొడ్డున వెయ్యిమంది పట్టే సభాభవనం కట్టాలని తీర్మానించారు. కమిటీకి అధ్యక్షుడు నీలాద్రి బాబు. ఒడియా ప్లీడరు. తెలుగులో వాదించి, ఇంగ్లీషులో గెలిచి, ఒడియాలో సంతోషించే మనిషి. పని మీద పెద్ద మా ఇంజనీరు దొర. ఆయన ఇంగ్లండు సీమ నించి వచ్చీ రాగానే మద్రాసులో ఓ ముసలి పండితుడి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. ఆ పండితుడు బజారు ముఖం చూసిన మనిషి కాడు. అందుచేత మా దొర తాపీవాళ్లతో కూడా పురాణంలో మాట్లాడేవాడు. "ఓయీ, ఇటుకను ఇచ్చట ఉంచుము" అంటే కూలీలు చేతులు జోడించేవాళ్లు.

కట్టిన మనిషి సింహాచలం మేస్త్రి.

కమాను కింద మనిషి

సింహాచలానికి అప్పటికే అరవై దాటాయి. కంటిలో రసమట్టం పెట్టుకుని పుట్టాడు. గోడ ఓ వెంట్రుకవాసి ఒరిగినా అతని తల అటే ఒరిగేది. అతని తాత కమాన్లు కట్టాడు, తండ్రి కమాన్లు కట్టాడు. ఇది తన ఆఖరి పని అని అతనికి తెలుసు, మాకూ తెలుసు.

నలభై అడుగుల వెడల్పు హాలుకి, ఇనపదూలం అన్నది ఒక్కటి లేకుండా, ఉత్త ఇటికా సున్నంతో బోర్లించిన పడవలాంటి కమాను కప్పు వేశాడు. కింద సరుగుడు కర్రల అడవి. దాని మీద చట్రం. చట్రం మీద వరస తరవాత వరస ఇటిక. హాలు పొడవెంతంటే, ఈ చివర తుమ్మినవాడికి ఆ చివరివాడు "చిరంజీవ" అనేసరికి జలుబు తగ్గిపోయేది. నా కొలతలు కాస్త ఉదారంగా ఉంటాయని మా ఆవిడ అంటుంది. కావాలంటే పావలా వంతు తగ్గించుకుని చదవండి, అయినా మీరు ఆశ్చర్యపోతారు.

సున్నం ఆరాక కర్రలు తీసే రోజు వచ్చింది. అందరం గుమ్మం బయట నిలబడ్డాం. సింహాచలం ఒక్కడూ లోపలికి వెళ్లి, సరిగ్గా నడిమధ్య తుండుగుడ్డ పరుచుకుని బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. కమాను కట్టినవాడు కర్రలు లాగేటప్పుడు దాని కిందే కూర్చోవాలి. వాళ్లింటి ఆచారం.

నేను కేకేశాను. "మేస్త్రీ, ఇవతలికి రా! నిలబడింతరవాత వెళ్లి కూర్చుందువుగాని."

"నిలబడినాక కూకోడానికి మేస్త్రీ ఎందుకు బాబూ? అప్పుడు ప్లీడర్లు కూకుంటారు. ముందు కూకునేవోడే మేస్త్రి."

కర్రలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆఖరి కర్ర లాగినప్పుడు కమాను, నిండు గర్భిణి మంచం మీద ఒరిగినట్టు, ఓ నిట్టూర్పు విడిచి సర్దుకుంది. పైనించి చిటికెడు సున్నప్పొడి రాలి మేస్త్రి నెత్తిమీద పడింది.

"అచ్చింతలేసింది" అన్నాడు, దులుపుకోకుండా.

అప్పుడు లోపలికి వెళ్లి తలెత్తి చూశాను. నాకు మాట రాలేదు. ఇది చదివేవాళ్లలో నన్నెరిగినవాళ్లకి అదెంత పెద్ద సంగతో తెలుస్తుంది. పసిపిల్లంత బరువున్న ఇటికలు, వేలకి వేలు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని గాలిలో నిలబడ్డాయి. వాటిని పట్టుకున్నదేదీ లేదు, ఒక ముసలాయన నమ్మకం తప్ప. ఎత్తిన తల దించడం మరిచిపోయాను. మూడు రోజులు మెడ పట్టేసింది.

నా మెరుపు

ఇక్కడిదాకా అంతా మేస్త్రి గొప్ప. ఇక నా ఘనకార్యం.

లోపల పూతకి గుల్లసున్నం కావాలి. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట పొడంపేట అని జాలర్ల పల్లె ఉంది. అక్కడ నత్తగుల్లలు ఏరించి బళ్ల మీద తెచ్చేది నూకాలమ్మ. తెలుగు జాలరి మనిషి. మనిషి చిన్నదే గాని ఆమె గొంతు సముద్రానికి అలవాటు పడిన గొంతు. ఎప్పుడూ నోట్లో అడ్డచుట్ట ఉండేది, అంటే వెలిగించిన కొస నోటిలోపల. మా వైపు ఆడవాళ్లకి అది మామూలే. నిప్పు లోపల పెట్టుకుని మాటలు బయటికి పంపడం నూకాలమ్మ దగ్గరే చూడాలి.

ఆ గుల్లలు కాల్చి, గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి, పెరుగూ గుడ్డుసొనా కలిపి పూశారు. మేస్త్రి ఓ పూట గులకరాళ్లతో నున్న చేయించి "సాలు బాబూ" అన్నాడు.

నేను "చాలదు" అన్నాను. మద్రాసు నించి పెద్ద దొర ఎవరో ప్రారంభోత్సవానికి వస్తున్నాడని విన్నాను. గోడలో ఆయన ముఖం ఆయనకి కనిపించాలని నా పంతం. మూడు పూతలు వేయించాను. గోడలకీ, పైన కమానుకీ కూడా. ఆ నెలంతా బరంపురంలో కోళ్లు నన్ను చూస్తే సందులు మారేవి. ఇరవైమంది ఆడవాళ్లు గులకరాళ్లతో పగలంతా తోమారు. చివరికి ఎంత మెరిసిందంటే, తలుపు తీసి ఉన్నప్పుడు ఓ ఆంబోతు లోపలికొచ్చి, గోడలో ఇంకో ఆంబోతుని చూసి, కాలు దువ్వి, అవతలివాడూ దువ్వేసరికి సలాం చేసి వెళ్లిపోయింది. ఆ గోడలోనే చూసుకుని నేను మీసం దువ్వుకున్నాను. ఆ పక్కనే మేస్త్రి కూడా దువ్వుకోవడం చూశాను.

హాలు మాట్లాడింది

ప్రారంభానికి నెల రోజులుందనగా కమిటీ అంతా లోపల కూడింది. నీలాద్రి బాబు వేదికెక్కి కండువా సర్దుకున్నాడు.

"సోదరులారా!" అన్నాడు.

ఆ మాట వెళ్లి వెనక గోడకి కొట్టుకుంది. అక్కణ్నించి కమానుకెక్కింది. కమాను దాన్ని ఎడమగోడకి విసిరింది, ఎడమగోడ కుడిగోడకి. ఒక్క సోదరులు వెళ్తే పిల్లాపాపలతో నలభైమంది తిరిగొచ్చారు. వాళ్లు ఇంకా కూర్చోకముందే ఆయన రెండో వాక్యం మొదలెట్టాడు. ఆ వాక్యం వీళ్ల కాళ్లకడ్డంపడి దొర్లింది. మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి లోపల తేనెపట్టు కదిపినట్టు ఒకటే రొద.

నీలాద్రి బాబు కంగారుపడి ఒడియాలోకి దిగిపోయాడు. "కొణొ హెలా?" ఏమయింది, అని.

హాలంతా ఆయన్నే నిలదీసింది. కొణొ హెలా, కొణొ హెలా, కొణొ హెలా.

"ఏ జడ్జీ నన్ను ఇన్నిసార్లు అడ్డప్రశ్న అడగలేదు" అని ఆయన వేదిక దిగిపోయాడు.

దొరకి కబురెళ్లింది. ఆయన వచ్చి నడిమధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి, జేబులోంచి గడియారం తీశాడు. ఆ చప్పుడు చచ్చేదాకా చూస్తూ ఉన్నాడు. చాలాసేపు చూశాడు. తరవాత సింహాచలం వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, టోపీ తీసి మరీ అన్నాడు.

"మేస్త్రీ, మీరు మిక్కిలి గొప్ప కార్యము చేసితిరి. దీనిని కూల్చవలయును."

కమాను గుండ్రంగా ఉండబట్టే గోల అనీ, అది తీసేసి జింకు రేకులు వేస్తే సరిపోతుందనీ ఆయన లెక్క. వారం గడువిచ్చాడు. ఈలోపల ఎవరికైనా ఉపాయం తోస్తే సరే, లేకపోతే ఎనిమిదోనాడు పడగొట్టడం మొదలు. ఎక్కడ మొదలెట్టాలో తెలియడానికి నిచ్చెన వేయించి, కమాను నడినెత్తిమీద నల్లటి తారుతో ఇంటూ గుర్తు పెట్టించాడు. పాలలాంటి తెలుపు మీద అది కాకి వాలినట్టుండేది.

సింహాచలం తలెత్తి ఆ గుర్తు చూశాడు. "మొదటి దెబ్బ నానే ఏస్తాను బాబూ. పరాయోడి సెయ్యి పడకూడదు" అని, తుండుగుడ్డ పరుచుకుని ఆ గుర్తు కిందే కూర్చున్నాడు.

మా దొర చెడ్డవాడు కాడు. నేను చూసిన పెద్దల్లో నిజాయితీగలవాడు. ఆయన లోపమల్లా ఒకటే, కాగితం మీద వచ్చిన జవాబుని ఇంకోసారి అడిగేవాడు కాడు. ఇక నా లోపం చెప్పాలంటే, ఆ గోలలో సగం నా మెరుపుదని నాకు అప్పుడే అనుమానం తగిలింది. పూతకి ముందు, వట్టి ఇటిక ఉన్నప్పుడు, ఇదే హాల్లో పనివాళ్లని తిడితే తిట్లు తిన్నగా చేరేవి. అయినా మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఒకళ్ల ఆఖరి పని మీద తారు గుర్తు పెడుతుంటే పక్కన నిలబడి గొడుగు తిప్పుకున్నాను. కుర్రాళ్లూ, ఈ ఒక్కటీ నేర్చుకోకండి.

నాలుగోనాడు వెళ్లి మేస్త్రి పక్కన చతికిలబడ్డాను. "మేస్త్రీ, తప్పు కమానుది కాదు. నేను తోమించాను చూడు, దానిది."

"నాకు తెల్దేటి బాబూ? గులకరాయి ఆడుతుంటేనే తెలిసింది, గోడకి నోరొస్తున్నాదని."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"మీసం దువ్వుకుంటన్నాను కదా" అన్నాడు.

అప్పుడే వెళ్లి దొరకీ చెప్పేశాను. నాకు చీవాట్లు పడ్డాయి. గోడ ఓ చోట గీకించి చూశాం. రాయిలా బిగిసిన సున్నం, గీకినా మోగుతూనే ఉంది. గుర్తు గుర్తుగానే ఉంది.

నూకాలమ్మ చుట్ట తీసింది

అయిదోనాడు పొద్దున్న, బయటి వెల్లకి ఆఖరి గుల్లల బండి తోలుకుని నూకాలమ్మ వచ్చింది. వస్తూనే గుమ్మంలోంచి అలవాటు ప్రకారం "ఓర్సీరు బాబో!" అని కేకేసింది.

హాలు నలభై గొంతులతో నన్ను పిలిచింది.

నూకాలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. మాట్లాడటానికి ఆవిడ చుట్ట తీయడం అదే మొదటిసారి చూశాను. "ఎవులర్రా ఎక్కిరిస్తన్నారు?" అంది. ఎవులర్రా, ఎవులర్రా అని కమాను ఆవిడ మీదకే తగువుకెళ్లింది.

సంగతంతా చెప్పాను. పైనున్న తారు గుర్తు చూసింది. దాని కింద కూర్చున్న మనిషిని చూసింది. మళ్లీ చుట్ట లోపలికి తోసింది.

"దీనికి ఇల్లు కూల్సుకుంటారేటి? మా పడవల్లో ముందున్నోడు బోరున అరిసినా ఎనకున్నోడికి ఇనపడదు, మద్దిన తెరసాప ఉంటే. మాట దానికి తగిలి మెత్తబడి సచ్చిపోద్ది. మా ముసిలోడు సూడు, నాను తిట్టు మొదలెడితే తెరసాప సాటుకి ఎల్లిపోతాడు. ముప్పయ్యేళ్లుగా నా తిట్టొక్కటీ ఇనలేదు ఆడు."

సింహాచలం మెల్లిగా తలెత్తి పైకి చూశాడు. కమానుకి వరసగా ఇనప రింగులున్నాయి, పంకాలు వేలాడదీయడానికని తనే బిగించినవి.

"బాబూ, రింగులున్నాయి" అన్నాడు.

ఆ మధ్యాన్నమే బండి కట్టించుకుని నేనూ మేస్త్రీ వెళ్లాం. ఆర్యపల్లి, పొడంపేట, రెండు జాలరి పల్లెలూ తిరిగాం. ఇసకలో ఆరవేసిన చేపల మధ్య ముసలి జాలర్లు కూర్చుని మా మాట విన్నారు. పాత తెరచాపలున్నాయి. కాని అమ్మరట. మనిషిని ఇంటికి తెచ్చిన గుడ్డని అమ్మితే మళ్లీ ఇంటికి రారని వాళ్ల నమ్మకం. నూకాలమ్మ మొగుణ్ని అప్పుడే చూశాను, పర్వతంలాంటి మనిషి, మాట మాత్రం మెత్తన. ఆయన చాలాసేపు మేస్త్రి చేతుల వైపు చూశాడు, సున్నం తిని పగిలిన చేతులు.

"అమ్మం గాని, అరువిత్తాం" అన్నాడు. "ఒకటే మాట. ఏడాదికోపాలి మా గంగమ్మ పండక్కి ఆ తెరసాపలు మా ఊరొచ్చి పసుపూ కుంకం ఎట్టించుకుని ఎల్లాల."

"అలాగే" అన్నాను. సర్కారీ కట్టడం తరఫున అంత పెద్ద ఒప్పందం, కాగితం లేకుండా చేసుకున్నవాణ్ని జిల్లా మొత్తం మీద నేనొక్కణ్నే.

ఎనిమిదోనాడు

తెరచాపలు జాలర్లే కట్టారు. నిచ్చెన అడిగితే నవ్వి, రింగులకి తాళ్లు విసిరి ఎగబాకారు. చెట్టుబెరడు రసంలో నానిన ఎర్రమట్టి రంగు గుడ్డలు, అతుకు మీద అతుకు, కడుపులు కిందికి జారేలా వదులుగా కట్టారు. చూస్తే పడవల గుంపు ఒకటి నా తెల్లటి ఆకాశంలోకి తలకిందులుగా వచ్చి లంగరేసినట్టుంది. వాసన సంగతి అడక్కండి. బరంపురంలో పిల్లులన్నీ ఆ సాయంత్రానికి మెట్లమీద కొలువు తీరాయి.

ఎనిమిదోనాడు పొద్దున్న దొర వచ్చాడు. వెనకాల గడ్డపారలతో ఎనిమిదిమంది కూలీలు. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నడిమధ్యకెళ్లి చప్పట్లు కొట్టాడు.

టప్. అంతే.

దొర తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు, ఇవి నావేనా అన్నట్టు. నీలాద్రి బాబు వేదికెక్కి మాట్లాడాడు. ప్రతి ముక్కా తెలిసింది. ఉపన్యాసంలో పస లేదని కూడా మొదటిసారి తెలిసింది. కాని ఆయన గొంతు కోర్టుల్లో సానపట్టిన గొంతు, అది లెక్కకాదని దొర తల అడ్డంగా తిప్పాడు. కూలీల పక్కన సమ్మెట పట్టుకుని నిలబడ్డ సింహాచలాన్ని పిలిచాడు.

"మేస్త్రీ, వేదికను ఎక్కుము. ఏదేని పలుకుము." అని తను హాలు ఆ చివరికి, ఆఖరి గోడ దాకా వెళ్లి నిలబడ్డాడు.

సింహాచలం ఎక్కాడు. జీవితమంతా సారవకర్రలెక్కి పైనించి అరిచిన మనిషికి వేదిక మీద నిలబడి ఏం మాట్లాడాలో తెలియలేదు. సమ్మెట కింద పెట్టాడు. పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

"పడగొట్టొద్దు బాబూ."

నేను దొర పక్కనే ఉన్నాను. అంత పెద్ద హాలు దాటుకుని ఆ మాట వచ్చి, చెవి పక్క ఎవరో అన్నట్టు, మా ఇద్దరి దగ్గరా ఆగింది. దాని వెనక ఇంకేమీ రాలేదు. అలాంటి నిశ్శబ్దం నేను మళ్లీ వినలేదు. అప్పటికి లక్షల ఇటికలు కొలిచాను గాని, ఒక కట్టడం మనిషి మాటని అలా రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఇస్తుందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

దొర టోపీ తీశాడు.

"వినబడినది" అన్నాడు. కూలీలు గడ్డపారలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఏడాదికి ఒక వారం

ప్రారంభం వైభవంగా జరిగింది. మద్రాసు దొర ఉపన్యాసం మధ్యలో రెండుసార్లు ముక్కు ఎగబీలిస్తే, నీలాద్రి బాబు వంగి "సముద్రపు గాలి, మా ఊరికి ప్రత్యేకం" అని మనవి చేసుకున్నాడు. ఇప్పుడీ జిల్లా మద్రాసులో ఉండాలా, ఒడియావాళ్ల కటకం వైపు పోవాలా అని ఊరు రెండుగా చీలి అదే హాల్లో అరుచుకుంటోంది. ఒకళ్ల మాట ఒకళ్లకి ఇంత తేటగా వినపడేలా చేసినందుకు మమ్మల్ని దీవించాలో తిట్టాలో రెండు పక్షాలవాళ్లకీ తోచడం లేదు.

జాలర్లకిచ్చిన మాట తప్పలేదు. గంగమ్మ పండక్కి వారం రోజులు హాలు మూసి ఉంటుంది. మరమ్మతులు అని తలుపు మీద కాగితం అంటిస్తారు. అది నేను పెట్టిన అలవాటు. తెరచాపలు బళ్లెక్కి పొడంపేట వెళ్లి పసుపు పూసుకుని, సముద్రంలో స్నానం చేసి, కొత్త వాసన వేసుకుని వస్తాయి. ఆ వారం హాలు మళ్లీ పాత హాలే, నునుపూ నోరూ రెండూ ఉన్నది.

సింహాచలం దాని కోసమే ఏడాదంతా కాచుక్కూర్చుంటాడు. ఈ ఏడు నడవలేకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. లోపల ఎవరూ లేరు. పైన తారు గుర్తు అలాగే ఉంది. వెల్ల వేసినప్పుడల్లా అది తుడుస్తామంటే అతను తుడవనివ్వడు. సరిగ్గా దాని కింద తుండుగుడ్డ పరిచి కూర్చోబెట్టాను. మెడ వెనక్కి వాల్చి, దాన్నే చూస్తూ, ఉన్న ఊపిరంతా కూడగట్టి పిలిచాడు.

"ఉన్నావేటే?"

కమాను అందుకుంది. ఉన్నావేటే, ఉన్నావేటే, ఉన్నావేటే అని ఈ గోడనించి ఆ గోడదాకా, ఆ గోడనించి ఈ గోడదాకా, వదలకుండా అతన్నే అడిగింది.

సింహాచలం ఆ అడగడం పూర్తిగా ఆగేదాకా కళ్లు మూసుకుని విన్నాడు. తరవాత నెత్తిమీద చెయ్యి పెట్టి తడుముకున్నాడు, అచ్చింతలేమైనా పడ్డాయేమోనని.

"ఉన్నాన్లే" అన్నాడు.